రాఖీకి వచ్చిన ఏడు గేర్లు

మా బావమరిది అన్న మాటల్లో నేను మరిచిపోయినవి లేవు. పెళ్ళయిన మొదటి దసరాకు అత్తగారింటికి వెళ్తే, ఉన్న నాలుగు కుర్చీల్లో కాలు చిట్లినదాన్ని ఏరి నాకు వేసింది అతనే. నీలం రంగు కుర్చీ. నేను కింద పడ్డప్పుడు అందరికంటే ముందు నవ్విందీ అతనే. భార్య తమ్ముడు నవ్వితే బావ కోపం తెచ్చుకోకూడదట. ఆటపట్టించడం బావమరిది హక్కు, నవ్వి ఊరుకోవడం బావ ధర్మం. ఈ ఆచారం పెట్టినవాడు ఎవరికో బావమరిది అయి ఉండాలి. ఎవరికీ బావ మాత్రం అయి ఉండడు.

నేను ఇబ్రహీంపట్నంలో ఉంటాను. మంచాల రోడ్డు మీద ఉన్న బడిలో పాఠాలు చెబుతాను. రోజూ సైకిల్ మీదే పోతాను. నల్ల సైకిల్, వెనక ఒకటే పళ్ళ చక్రం, గేర్లు లేవు. ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్నది. బడికి ముందు రోడ్డు ఎత్తెక్కుతుంది. సగం దాకా తొక్కుతాను, కరెంటు స్తంభం దగ్గర దిగుతాను, మిగతా సగం నెట్టుకుంటూ పోతాను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాని ఎత్తు ముగిసే చోట ఒక చాయ్ హోటల్ ఉంది. మా బావమరిది ప్లాట్లు చూపించే పనిలో ఉన్నాడు. పొద్దున పూట గిరాకీల కోసం ఆ హోటల్ బెంచీ మీదే కూర్చుంటాడు.

బడులు తెరిచిన వారం, నేను సైకిల్ నెట్టుకుంటూ పైకి వస్తుంటే హోటల్ మొత్తానికి వినబడేలా అడిగాడు.

"బావా, సైకిల్ నిన్ను మోస్తున్నదా, నువ్వే సైకిల్‌ని మోస్తున్నవా?"

చాయ్ పోసేవాడితో సహా అందరూ నవ్వారు. ఆచారం ప్రకారం నేనూ నవ్వాను.

"ఒక్కసారన్న కాలు కింద పెట్టకుండ ఎక్కి చూపెట్టు" అన్నాడు.

"ఎక్కితే?"

"ఇదే బెంచీ మీద నిలబడి, మా బావ దిగలేదని అందరి ముంగట చెప్త."

"ఎక్కకపోతే?"

"ఆ సైకిల్ పాత సామానోనికి ఇచ్చెయ్యి. స్కూటర్ కొను. మా బావ సార్ అని చెప్పుకునేటోన్ని, నాకు జర ఇజ్జత్ ఉండనియ్యి."

చేతిలో చెయ్యి వేశాను. రాఖీ పున్నమి తర్వాత వచ్చే సోమవారం అని రోజు ఖాయం చేసుకున్నాం.

ఆ సాయంత్రమే బస్టాండు దగ్గరి సైకిల్ షాపుకు వెళ్ళి, గేర్లు పెట్టమన్నాను. మెకానిక్ సైకిల్ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"సార్, బర్రెకు గజ్జెలు కట్టినట్టుంటది."

ఆ మాట కూడా నాకు గుర్తుంది. అయినా పనిమంతుడు కాబట్టి నిలబడ్డాను. వెనక పళ్ళ చక్రాల గుత్తి, గేరు మార్చే పిడి, వైరు, సన్న చైన్ కావాలన్నాడు.

"కొత్తయి తెప్పియ్యాల్నంటే శాన పైసలైతయ్. ఎవరింట్లనన్న మూలకు పడ్డ గేర్ల సైకిల్ ఉంటే తెండి. రెండు బండ్లను ఒకటి చేస్త."

మూలకు పడ్డ గేర్ల సైకిల్ ఎవరింట్లో ఉందో నాకు బాగా తెలుసు. బావమరిది ఇంటి మేడ మీద ఉంది. కొడుకు పదో తరగతి పాసైనప్పుడు కొనిచ్చాడు. వాడికి మోటార్ సైకిల్ వచ్చాక అది తడి బట్టలు ఆరేసే దండెం అయింది. అడిగితే ఇస్తాడేమో. కాని ఎందుకని అడుగుతాడు, తర్వాత ఆ కథ హోటల్లో చెబుతాడు. చచ్చినా అడగనని మా ఆవిడతో అన్నాను. ఆమె చిక్కుడుకాయలు గిల్లుతూ విన్నది.

రాఖీ నాడు ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. ఆమె రాఖీ కట్టింది, తమ్ముడి నోట్లో మిఠాయి పెట్టింది. అతను చీర ఉన్న కవరు ముందుకు చాపాడు.

"చీర వద్దు తమ్మీ."

"ఎందుకక్కా? రంగు మంచిగ లేదా?"

"మేడ మీద సైకిల్ ఉంది గదా. గది ఇయ్యి."

"గా తుక్కా? ఏం జేసుకుంటవ్?"

"ఇంటి ఆడబిడ్డ నోరు తెరిచి అడిగింది. ఇస్తవా, ఇయ్యవా?"

రాఖీ ఉన్న చేత్తో లేదనడం ఎవరివల్లా కాదు. పైగా అతని ముఖం వెలిగిపోయింది. చీరా మిగిలింది, మేడా ఖాళీ అయింది. ఆ సాయంత్రమే స్కూటర్ వెనక కట్టుకుని, ఊరంతా చూస్తుండగా మా వాకిట్లో దించి పోయాడు. నేను దించడానికి చెయ్యి కూడా వెయ్యలేదు. పేపర్ చదువుతూ కూర్చున్నాను. పేపర్ తలకిందులుగా ఉందని తర్వాత మా ఆవిడ చెప్పింది.

"ఇదంత నీ కోసం అనుకోకు" అని కూడా చెప్పింది. "రోజూ గదే ముచ్చట ఇని ఇని నా చెవులు పోతున్నయ్."

మెకానిక్‌కు రెండు సాయంత్రాలు పట్టింది. పాత పళ్ళ చక్రం విప్పి అదే మర మీద ఏడు చక్రాల గుత్తి బిగించాడు. ఇరుసు చాలక పొడుగుది వేశాడు. వెనక ఫోర్కు ఇరుకైతే చెక్క ముక్క దూర్చి, సుత్తితో కొట్టి వెడల్పు చేశాడు. ప్రతి దెబ్బకూ నా ముఖం వంక చూశాడు. చైన్ కవర్ ఇక పట్టదని తీసి నా చేతికిచ్చాడు. అప్పటి నుంచి కుడికాలు ప్యాంటు అంచు మేజోడులో దోపుకుంటున్నాను. హ్యాండిల్ దగ్గర బ్రేకు కడ్డీలు అడ్డొచ్చి, గేరు పిడి సీటు ముందరి రాడ్డుకు ఎక్కింది. ఆ పిడి మీద బావమరిది కొడుకు ఎప్పుడో అంటించిన పులి బొమ్మ ఉంది. గీకేస్తానన్నాడు మెకానిక్. ఉండనిమ్మన్నాను.

"ఒకటో నంబర్ పెడితే ఎంత ఎత్తన్న ఎక్కుతది సార్. జర మెల్లగ పోతది."

"ఎంత మెల్లగ?"

"తొక్కినంక మీకే తెలుస్తది."

సోమవారం పొద్దున ఎత్తు మొదట్లో బావమరిది స్కూటర్ మీద కాచుకుని ఉన్నాడు. గేర్లు చూశాడు.

"పెట్టిచ్చినవా? పెట్టిచ్చుకో. పక్కపొంటే వస్త. కాలు పెడ్తవా లేదా నా కండ్లతోటి చూస్త."

సగం దాకా ఎప్పటిలాగే వచ్చాను. కరెంటు స్తంభం దగ్గర, ఇన్నేళ్ళుగా దిగిన చోటే, ఒక చెయ్యి తీసి పిడిని ఒకటో నంబరుకు తోశాను. చైన్ కటకటమని పెద్ద చక్రమెక్కింది. కాళ్ళు ఒక్కసారిగా తేలికయ్యాయి. ఎంత తేలికంటే, కాళ్ళు గిర్రున తిరుగుతున్నాయి గాని స్తంభం నా పక్కనే ఉంది.

నెత్తిన గడ్డిమోపుతో ఒక ముసలమ్మ వెనక నుంచి వచ్చి నాతో సమానంగా నడిచింది.

"ఏం బిడ్డా, చైన్ తెగిందా? కాళ్ళు తిరుగుతున్నయ్ గని బండి పోతలేదు."

"లేదవ్వా. గేర్ల బండి."

"గట్లనా. నేను జర తొందరల ఉన్న, పోత మరి."

పోయింది. నేను తొక్కుతూనే ఉన్నాను. అప్పుడు నా కుడి పక్కన చెప్పు రోడ్డుకు రాసుకున్న చప్పుడు వినిపించింది. అంత మెల్లగా స్కూటర్ నడవదు. అది అటూ ఇటూ ఊగుతుంటే మా బావమరిది ఒకసారి ఎడమకాలు, ఒకసారి కుడికాలు దించుతున్నాడు.

"జర జల్ది పో బావా."

"నువ్వు ముంగట పో."

"పోతే నీ కాలు ఎవరు చూడాలె?"

నేను మాత్రం అతని కాళ్ళే చూశాను. పైకి చేరేసరికి ఎనిమిదిసార్లు దించాడు. హోటల్ ముందు సైకిల్ ఆపి, ఊపిరి తిరిగేదాకా ఆగి ఆ మాటే చెప్పాను.

"నా కాలు పడలె. నీది ఎనిమిదిసార్లు పడ్డది."

అతను వంగి నా సైకిల్ చూశాడు. పులి కనబడింది.

"గిది మా పోరని సైకిల్‌ది గదా?"

"అవ్. రాఖీకి నువ్విచ్చిందే. మా ఇంటి దాక నువ్వే మోసుకొచ్చినవ్."

చాయ్ పోసేవాడు ముందు నవ్వాడు. తర్వాత అందరూ. బావ గెలిస్తే బావమరిది నవ్వాలని ఆచారంలో లేదు గాని, అతనూ నవ్వాడు. అది నేను ఒప్పుకోవాలి. మాట ప్రకారం బెంచీ ఎక్కి నిలబడ్డాడు. అదే బెంచీ చివర ముసలమ్మ మోపు పక్కన దించుకుని చాయ్ తాగుతోంది. గ్లాసు అప్పటికే సగమైంది.

"అందరు ఇనుండ్రి" అన్నాడు. "మా బావ కాలు కింద పెట్టలేదు. దిగలేదు."

అంతవరకు చెప్పి ముసలమ్మ వైపు తిరిగాడు. పెదవి ఒక మూలకు లేచింది. ఆ నవ్వు నాకు నీలం కుర్చీ నాటి నుంచి తెలుసు. చాయ్ పోసేవాడు నా చేతికిచ్చిన గ్లాసు అక్కడే పెట్టి, సైకిలెక్కి, దిగుడు మొదలవగానే పిడిని ఏడుకు తోసి బడి వైపు తొక్కాను.

తర్వాత అతను ఏమన్నాడో నేను వినలేదు. వింటే నాకు మరుపు రాదు.