చింతపండుతో తోమిన స్తంభం

లోకంలో తాగి చెడినోళ్లు ఉంటారు, తిరిగి చెడినోళ్లు ఉంటారు. తోమి చెడగొట్టినోణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అదీ చెంబో బిందెనో కాదు, భూమి లోపల యుగాల తరబడి పెరిగిన రాతి స్తంభాన్ని. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఎనభైల మొదట్లో సంగతి. మాది అహోబిలం, గుడి పాత్రలు తోమడం మా ఇంటి పని. చింతపండు పెట్టి ఇత్తడిని బంగారం చేయడంలో మా అమ్మ తర్వాత నేనే. ఆ గర్వం నెత్తికెక్కి ఉన్న రోజుల్లో ఆళ్లగడ్డ అవతల, మాకు తెలిసిన రైతు నాగిరెడ్డన్న చేను పక్క గుట్టలో గుహ బయటపడింది. మేం కొందరం చేరి లోపల పేరుకున్న మట్టిని తట్టలతో మోసి బయట పోసినాం. పైనుంచి చుక్కచుక్కగా కారిన సున్నపు నీళ్లు గడ్డకట్టి, చివరి గదిలో ఒక తెల్లటి స్తంభమై నిలబడి ఉండె. గ్యాసు లైటు వెలుగులో చక్కెర అద్దినట్టు మెరుస్తా ఉండె.

గుట్ట నిలవాలనే నాగిరెడ్డన్న ఆశంతా ఆ మెరుపు మీదనే. గుట్టను నాపరాళ్ల క్వారీకి ఇచ్చేస్తారని అందరూ చెప్పుకుంటాండ్రి. నంద్యాల నుంచి రాళ్ల ఆఫీసరు వచ్చి, గుహ కాపాడదగ్గదే అంటే గుట్ట నిలుస్తుంది. లేదంటే మందుపెట్టి పేల్చడమే.

ఆఫీసరు వచ్చే పొద్దున దారి చిమ్మమని అన్న నన్ను ముందుగా పంపినాడు. ఆయనకు మజ్జిగ ఇచ్చే ఇత్తడి చెంబులు తోమాలని చింతపండు కూడా నానబెట్టుకొని పోయినా. చిమ్మినా, చెంబులు తోమినా, అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. స్తంభం అడుగున మట్టి మరక కనబడింది. పెద్దమనిషి వస్తాంటే ఈ మరకేందని మా వంశ పౌరుషం లేచింది.

రుద్దితే రాయి మీద సన్నగా నురుగొచ్చింది. పాపం ఎంత మురికి పట్టిందో అనుకొని చెయ్యి అందినంత మేర ఇంకా గట్టిగా రుద్దినా. కడిగి చూస్తే మెరుపు లేదు. సున్నం కొట్టిన గోడ మాదిరి అయిపోయింది స్తంభం.

అన్న వచ్చి స్తంభాన్ని వేలితో తడిమి చూసినాడు.

"ఏందప్పా ఇది?"

"తోమినానన్నా."

"నిన్నెవరు తోమమన్నారు?"

చింతపండు చేతులు వెనక్కి దాచుకున్నా. నిజంగా ఏడుపొచ్చింది. ఎవరి మెప్పూ అడగకుండా, మా గుడి పుట్టకముందు నుంచి, చీకట్లో నీటిచుక్క చేసుకుంటాండే పనిని నేను ఒక్క పొద్దులో బాగుచేయబోయినా. చూసేవాళ్లు లేకున్నా అది మెరుస్తానే ఉండిందని అప్పుడుగాని నాకు తట్టలేదు.

ఆఫీసరు వచ్చి, భూతద్దం పెట్టి చూసి, ఏం పూశారని అడిగినాడు. చింతపండని చెప్పినా. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుందని ఆయన చిన్నపిల్లోడికి చెప్పినట్టు నిదానంగా చెప్పినాడు. సిగ్గుతో భూమిలోకి పోదామనుకున్నా, కానీ అప్పటికే భూమిలోనే ఉన్నా.

ఆయన లైటు పైకెత్తి, నా చెయ్యి అందని భాగాన్ని చాలాసేపు చూసినాడు. తర్వాత అన్న వైపు తిరిగినాడు.

"గుట్టను క్వారీకి ఇవ్వొద్దని రాస్తాను రెడ్డిగారూ. కానీ ఒక్క మనిషే ఇంత చేస్తే, ఊరంతా వస్తే ఏమీ మిగలదు. ముందు ఇనుప గేటు పెట్టించండి. ఈయన బయటున్నాడో లేదో చూసుకొని తాళం వేయండి."

గుట్ట నిలిచింది. ఆ గేటు బయట నిలబడి, చేతులు జోడించి ప్రమాణం చేసినా, ఎవరూ అడగకుండా ఈ జన్మలో దేన్నీ తోమనని. ఇన్నేండ్లుగా నిష్ఠగా పాటిస్తాండా. మా ఆవిడ మాత్రం దీన్ని సోమరితనం అంటాది.