ఎడమ చేయి రాని పియానో మాస్టరు

రహంతుల్లాకు పియానో రాదు. ఆ సంగతి రాయదుర్గం మొత్తం మీద ఇద్దరికే తెలుసు, ఆయనకూ ఆయన భార్య నూర్జాన్‌కూ. అయినా ఓ స్కూల్లో నాలుగేళ్ళు పియానో మాస్టరుగా చేశాడు మహానుభావుడు. నాలుగేళ్ళూ గుండెలు అరచేతిలో పెట్టుకునే చేశాడు.

హార్మోనియం సంగతి అడగండి, అది వేరే మాట! గుమ్మఘట్ట చుట్టుపక్కల ఏ ఊళ్ళో నాటకం ఆడాలన్నా పెట్టె మాస్టరు ఆయనే. మూడు నెలలు ఆ ఊళ్ళోనే మకాం వేసి, గొంతు విప్పడానికే సిగ్గుపడే రైతుల చేత పద్యాలు పాడించేవాడు. వానలు ఎగ్గొట్టి, ఏడాది తర్వాత ఏడాది శనక్కాయ పంట పోయేసరికి ఊళ్ళు నాటకాలు మానుకున్నాయి. ఆయనకు పని లేకుండా పోయింది.

సరిగ్గా అప్పుడే, రెండువేల ఒకటిలో, ఇంగ్లీషు మీడియం స్కూలు నడిపే జయరాముడు బళ్ళారిలో ఏదో పాత బంగళా సామాను అమ్ముతుంటే ఒక పియానో కొని లారీలో దింపించాడు.

"ఏమప్పా రహంతుల్లా, ఇది నీకు వస్తాదా?"

"ఆ మెట్లే కదన్నా. వస్తాది" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నా ఏం లాభం?

మెట్లు, అంటే వేళ్ళతో నొక్కే ఆ తెల్లా నల్లా మీటలు, అవే. కుడి చేయి వాటి మీద పరుగులు తీసింది. ఎడమ చేయి మాత్రం తిన్నగా పెట్టె వెనక్కి పోయి, గాలి కొట్టే తిత్తి కోసం వెతికింది. మరి హార్మోనియం అంటే ఒక చేయి వాయించాలి, ఒక చేయి గాలి కొట్టాలి. పియానోకి గాలి అక్కర్లేదు, రెండు చేతులూ వాయించాలి. ముప్పై ఏళ్ళ అలవాటు పోతుందా? పొద్దున్నే బడి గంట కొట్టక ముందే వచ్చి, తలుపు గడియ పెట్టుకుని సాధన చేసేవాడు. ఎడమ చేయి కదిలిందా, కుడి చేయి ఆగిపోయేది. కిటికీ దగ్గర అలికిడి అయితే చాలు, చెమటలు పట్టేవి.

చివరికి పిల్లలకు ఆయన చెప్పిందేమిటయ్యా అంటే, "ఎడమ చేత్తో పక్క చెక్క మీద తాళం వేయండి" అని. పిల్లలంతా అలాగే చెక్క కొడుతూ వాయించారు. స్కూలు స్కూలంతా పియానో పద్ధతే అది కాబోలు అనుకుంది!

కొత్త కారు గేటు దగ్గర ఆగితే, పియానో తెలిసినవాళ్ళెవరో దిగుతారని ఆయనకు పై ప్రాణాలు పైనే పోయేవి. "నూర్జానూ, ఈ పొద్దు బయటపడతాది" అని రోజూ అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

"ఆ స్కూలాయప్పకు చెప్పేయ్‌రాదా?" అనేది ఆమె.

"చెప్తే పని యాడుంటాది?"

జీన్సు ప్యాంట్లు కుట్టే తిప్పయ్య కూతురు ఆశ్రిత, పదేళ్ళ పిల్ల, ఒక్కసారి వింటే చాలు, వాయించేసేది. ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం. రెండువేల ఐదులో జయరాముడు బెంగళూరు నుంచి ఒక పియానో టీచరమ్మను పిలిపించాడు. నచ్చిన పిల్లను ఆమె తన దగ్గరే ఉంచుకుని ఊరికే నేర్పుతుందట. ఇక తన గుట్టు బయటపడ్డట్టే అనుకున్నాడు రహంతుల్లా.

ఆమె వచ్చిన రోజు ఆశ్రిత వాయిస్తుంటే హాలంతా చెవులప్పగించింది. టీచరమ్మ మాత్రం చెక్క కొడుతున్న ఆ ఎడమ చేతినే చూస్తోంది.

"చాలా బాగుంది. ఈ చేత్తో ఎందుకు వాయించవమ్మా?"

ఆశ్రిత మాస్టరు వంక చూసింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెయ్యి ఇరిగింది మేడం. చిన్నప్పుడు. మెట్ల మీద నిలవదు" అంది ఆ పిల్ల.

"అయ్యో పాపం!" అని టీచరమ్మ కాగితం మీద ఆశ్రిత పేరు కొట్టేసింది.

బతుకు జీవుడా అనుకున్నాడు రహంతుల్లా. అంతలోనే ఆ కొట్టివేత కళ్ళబడింది. తనను కాపాడటానికి పసిపిల్ల బాగున్న చేతిని మాటతోనే విరగ్గొట్టుకుంది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. లేచి నిలబడ్డాడు.

"మేడం, ఆ పాప చెయ్యి బంగారం మాదిరి ఉండాది. రానిది నాకు. రానిదాన్ని నాలుగేండ్లుగా చెప్తాండా."

"ఏమప్పా, ఏం మాట్లాడతాండావ్!" అని జయరాముడు అరిచాడు.

టీచరమ్మ ఆశ్రిత ఎడమ చేతిని తీసి మెట్ల మీద పెట్టింది. ఆ పిల్ల తడుముకుంటూ, తప్పులు చేస్తూ, అదే పాటను ఆ చేత్తో పట్టుకుంది. కొట్టేసిన పేరును టీచరమ్మ మళ్ళీ రాసింది.

జయరాముడు మాస్టరును ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశాడు. వారం తర్వాత బెంగళూరు బస్సు దగ్గర ఆశ్రిత ఆయన చేయి వదల్లేదు.

"భయమైతాంది సార్. ఆడ అందరికీ రెండు చేతులూ వస్తాయంట."

రహంతుల్లా కిందికి వంగి, ఆ పిల్ల మొహంలోకి చూశాడు.

"నాకు రాదు అని మొదటి రోజే చెప్పేయ్ పాపా. నేను నాలుగేండ్లు చెప్పలేకపోయినాను."