ఏడో మజిలీ గోడ మీద గీత

ఆ వేసవిలో నాకు ఒక చోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి పరీక్షలు అయిపోయాయి, ఫలితాలు రాలేదు. జంగారెడ్డిగూడెంలో పామాయిల్ ఫ్యాక్టరీ కడుతుంటే అక్కడ సైటు పనికి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాను, ఉత్తరం రాలేదు. పోస్టుమాన్ పదకొండున్నరకు వస్తాడని తెలిసినా తొమ్మిదింటి నుంచే గేటు దాకా వెళ్ళి వస్తూ ఉండేవాణ్ణి. చూసి చూసి అమ్మ విసుక్కుంది. ఆ నడిచేదేదో ఊళ్ళో నడవమంది.

ఊళ్ళో నడవడానికి ఆ ఏడాది కారణాలున్నాయి. వానాకాలంలో గోదావరి పుష్కరాలు. రాజమండ్రిలో సగం వీధులు తవ్విపోసి ఉన్నాయి, రేవుల్లో మెట్లు కొత్తగా వేస్తున్నారు, గోడలకు రంగులు కొడుతున్నారు. మా పేటలోని పాత గ్రంథాలయం వాళ్ళు వేసవి కార్యక్రమాలని ఒక కరపత్రం పంచారు. నేను దాన్ని నోటుబుక్కులో పట్టికగా ఎక్కించుకున్నాను. సోమవారం హరికథ, బుధవారం పిల్లల చిత్రలేఖనం, శుక్ర శనివారాలు నాటికల పోటీ, ఆదివారం పొద్దున్న ఐదున్నరకు 'మన ఊరి చరిత్ర నడక'. హరికథలో ముప్పావుగంట కూర్చోగలిగాను. నాటికల పోటీలో మొదటి నాటిక మధ్యలో లేచి వచ్చి, మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగి, మళ్ళీ వెళ్ళి రెండో నాటిక మధ్యలో లేచి వచ్చాను. నడక ఒక్కటే నాకు సరిపడింది. అందులో కూర్చోవాల్సిన పని లేదు.

నడక నడిపించేది చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి. ఎండ రాకముందు నుంచే గొడుగు పట్టుకుని వచ్చేవారు. పది పన్నెండు మందిమి ఆయన వెనక నడిచేవాళ్ళం. పాత రైలు వంతెన దగ్గర మొదలుపెట్టి, రేవు వెంట, సందుల్లోంచి, మార్కెట్టు దాకా మొత్తం తొమ్మిది మజిలీలు. గాలి అటు తిరిగినప్పుడు పేపరు మిల్లు వాసన వచ్చేది. అది కూడా చరిత్రలో భాగమేనండీ అనేవారు ఆయన.

రెండో ఆదివారానికి నా నోటుబుక్కులో నాలుగు గళ్ళు పడ్డాయి: మజిలీ, మాస్టారు చెప్పింది, ఆధారం ఏమిటి, నమ్మవచ్చా. నమ్మవచ్చా అన్న గడిలో ఐదుకి ఇన్ని అని మార్కులు వేసేవాణ్ణి. రెండో మజిలీకి ఐదు, నాలుగో మజిలీకి రెండు. నా పక్కన నడిచే బ్యాంకాయన, ఆయనా రిటైరైన వారే, తొంగి చూసి, "మాకు మార్కులేమన్నా వేశారేంటండీ?" అని అడిగారు.

ఏడో మజిలీ రేవు పక్క సందులో ఒక పాత సత్రం గోడ. ఆ గోడ మీద మూర నిడివిన జేగురు రంగు గీత ఒకటి ఉండేది. ఎనభై ఆరు వరదలో నీళ్ళు ఇక్కడి దాకా వచ్చాయి, నీళ్ళు తీసిన రోజునే సత్రం కాపలాదారు ఈ గీత గీశాడు, ఆ వారంలోనే నేను చూశాను అని మాస్టారు చెప్పేవారు. ఆ గీత దగ్గర ఒక రాతి పలక పెట్టించాలని ఆయన ఏళ్ళ తరబడి ఎవరెవరినో అడుగుతూ వచ్చారు. చివరికి ఈ పుష్కరాల పనుల పుణ్యమా అని రేవు పనులు చూసే ఇంజనీరు ఒప్పుకున్నారు. ఆయన వచ్చే ఆదివారం నడకకు వచ్చి, గీత చూసి, పలక ఖాయం చేస్తారు. ఆ తర్వాత గోడకు సున్నం కొడతారు. ఈ మాట మాస్టారు ఆ రోజు నడకలో రెండుసార్లు చెప్పారు. నా గడిలో మాత్రం ఆధారం: రంగు గీత, తేదీ లేదు అని రాశాను. రెండు మార్కులు.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉండలేక ఆ సందుకే వెళ్ళాను. సత్రానికి ఎదురుగా ఒక మామ్మగారి ఇల్లు. గుమ్మానికి పాత టేకు ద్వారబంధం. దాని ఎడమ నిలువు మీద ఉలితో చెక్కిన గాటు, గాటు కింద వరద తేదీ. తేదీ ఉన్న ఆధారం! వరద ఏడాది వాళ్ళాయన చెక్కారని మామ్మగారు చెప్పింది. వెంటనే సైకిలెక్కి, మా వీధి చివర ఇల్లు కడుతున్న తాపీమేస్త్రీని బతిమాలి, మట్టం చూసుకునే సన్నటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చాను. అందులో నీళ్ళు నింపి రెండు కొనలూ రెండు చోట్ల పట్టుకుంటే, రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అంతకు మించిన సాక్ష్యం మా చదువులో లేదు. ఒక కొన గుమ్మం దగ్గర గాటుకు ఆనించి మామ్మగారిని పట్టుకోమన్నాను.

"ఎందుకు నాయనా?" అంది.

"కొలతలండి" అన్నాను.

రెండో కొన సందు దాటించి సత్రం గోడ దగ్గర పట్టుకున్నాను. నీళ్ళు మాస్టారి గీత దగ్గర ఆగలేదు. దానికి ఇరవై అంగుళాలు పైన ఆగాయి. టేపు పెట్టి చూశాను. రోడ్డు నుంచి గీత మూడడుగుల పది అంగుళాలు, గాటు ఎత్తు ఐదున్నర అడుగులు. వరద నీళ్ళు ఒకే సందులో రెండు ఎత్తుల్లో నిలబడవు. రెండింట్లో ఒకటి తప్పు. ఏది తప్పో నాకు అనుమానమే లేకపోయింది.

ముందుగా మాస్టారి ఇంటికి వెళ్ళి చెప్పాల్సింది. ఆ మాట ఇవాళ రాస్తున్నాను గానీ, ఆ రాత్రి నాకు తట్టలేదు. తట్టినా వెళ్ళేవాణ్ణి కాదేమో.

ఆదివారం ఇంజనీరు వచ్చారు. మామ్మగారు ధవళేశ్వరంలో కూతురింటికి వెళ్ళింది, తలుపు తాళం వేసి ఉంది. ద్వారబంధం బయటికే కనబడుతోంది కాబట్టి నాకు ఇబ్బంది లేకపోయింది. మాస్టారు గీత గురించి చెప్పడం పూర్తి కాగానే నేను నోటుబుక్కు తెరిచి గాటు చూపించాను, తేదీ చదివాను, ఇరవై అంగుళాల తేడా చెప్పాను. గొట్టం కూడా తెచ్చాను, కావాలంటే మళ్ళీ చూపిస్తానన్నాను. ఎవరూ కావాలనలేదు. తేదీ ఉన్నదాన్ని కాదని లేనిదాన్ని ఎలా నమ్ముతాం అని బ్యాంకాయన అన్నారు. ఇంజనీరు రెండు వైపులా చూసి, పేచీ ఉన్న చోట పలక పెట్టలేనండీ, రేపో ఎల్లుండో సున్నం కొట్టేస్తారు అన్నారు.

మాస్టారు ద్వారబంధం దగ్గరికి వెళ్ళి తేదీ మీద వేలు పెట్టి చూసుకున్నారు. "అలాగా అండి" అన్నారు. ఎవరితో అన్నారో తెలియలేదు. ఎనిమిదో మజిలీలో ఎప్పుడూ చెప్పే పడవల రేవు ముచ్చట ఆ రోజు చెప్పలేదు. తొమ్మిదో మజిలీకి వెళ్ళకుండానే, ఎండ ఎక్కువైందని అందరినీ పంపించేశారు. ఎండ ఎక్కువ కాలేదు. టైము ఏడూ పది.

ఆ పూట అమ్మ పెసరట్టు వేస్తే ఒకటి తిని లేచాను. గెలిచినట్టుగా లేదు. నోటుబుక్కు మళ్ళీ మళ్ళీ చూశాను. ఐదున్నర అడుగులు. ఆ అంకె నన్ను కూర్చోనివ్వలేదు. వరదలో మామ్మగారు సందు దాటి సత్రం మేడ మీదికి వెళ్ళిందని మాస్టారే ఒకసారి చెప్పారు. ఆవిడ ఎత్తు ఐదడుగులు మించదు.

సోమవారం పొద్దున్నే వెళ్ళాను. మామ్మగారు అరుగు మీద వడియాలు పెడుతోంది. వరదలో సందు ఎలా దాటారని అడిగాను. బట్టల మూట నెత్తిన పెట్టుకుని, మెడ లోతు నీళ్ళలో, మొగుడి చెయ్యి పట్టుకుని దాటానంది.

"మరి గాటు మీ తల కంటే ఎత్తులో ఉందేంటండీ?"

ఆవిడ వడియాల పిండి చేత్తోనే గుమ్మం వైపు చూపించింది. "ఆ గుమ్మం అప్పుడు కిందుండేది నాయనా. వరదయ్యాక ఇల్లు మెరక చేయించాం. ఆరు వరసల ఇటుక లేపి, పాత గుమ్మమే ఎత్తి నిలబెట్టారు. టేకుది, పారేస్తామా?"

నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆ వేసవిలో నేను నా అంతట నేను కూర్చున్నది బహుశా అప్పుడే. మా వైపు వరదొచ్చి పోయాక ప్రతి ఇంటివాళ్ళూ చేసే పనే అది. ఇల్లు మెరక చేస్తారు, పాత గుమ్మం తీసి పైన పెడతారు. మా ఇంటికి కూడా చేశారు.

"శనివారం ఈ మాట చెప్పలేదేమండీ?"

"నువ్వు అడిగావా? కొలిచావు. పట్టుకోమన్నావు, పట్టుకున్నాను."

లేచి సత్రం గోడ వైపు తిరిగాను. గోడ తెల్లగా ఉంది. రేపో ఎల్లుండో అన్న పని తెల్లవారుజామునే అయిపోయింది. గీత లేదు.

మాస్టారి ఇల్లు దానవాయిపేటలో. సైకిలు మీద పన్నెండు నిమిషాలు పడుతుంది, నేను ఎనిమిదిలో వెళ్ళాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. నిలబడే మొత్తం చెప్పేశాను, చివర గీత పోయిందని కూడా చెప్పాను. ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టి, గొడుగు తీసుకుని, "పదండి ఇంజనీరు గారూ. మీ గొట్టం ఎక్కడుంది?" అన్నారు. నన్ను గారూ అనడం అంతకు ముందు లేదు.

ఈసారి గాటు కొన మాస్టారు పట్టుకున్నారు. గీత ఎత్తు నా నోటుబుక్కులో ఉంది గానీ, గాటు కూడా అదే చెబుతుందో లేదో తేలాలంటే గాటు మట్టం నుంచి ఇల్లు లేపిన ఎత్తు తీసెయ్యాలి. ముందు వైపు పునాదికి సిమెంటు పూత ఉంది. మామ్మగారిని అడిగితే పెరటి వైపు పూత వెయ్యలేదంది. వెళ్ళి చూశాను. పాత రాతి వరస మీద కొత్త ఇటుకలు, సరిగ్గా ఆరు వరసలు. కొలిస్తే పంతొమ్మిదిన్నర అంగుళాలు. సత్రం గోడ మీద గాటు మట్టం గుర్తు పెట్టి, దాని నుంచి పంతొమ్మిదిన్నర కిందికి దిగి, పెన్సిలుతో గీశాను.

మాస్టారు ఆ గీత చూసి, మామ్మగారిని చెంబుడు నీళ్ళు అడిగి, గోడ మీద మెల్లగా పోశారు. తడిసిన చోట సున్నం పలచబడింది. లోపలి నుంచి జేగురు రంగు లీలగా కనబడింది. నా పెన్సిలు గీతకు అరంగుళం కింద ఉంది.

నేను టేపు మళ్ళీ తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆ అరంగుళం గోదారికి వదిలేద్దామండీ."

రేవు దగ్గర ఇంజనీరు షెడ్డుకి వెళ్ళి, ఆదివారం నేను చెప్పింది తప్పని కాగితం మీద రాసిచ్చాను. ఆయన చదివి పక్కన పెట్టారు. "అందరి ముందూ తప్పన్నారు కదా. ఒప్పని కూడా అందరి ముందే చెప్పండి. నేనూ వస్తాను" అన్నారు. బుధవారం జంగారెడ్డిగూడెం నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం చేరాలి. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర బస్సు ఎక్కితే సరిపోతుంది. నాలుగు రోజులు ఏం చెప్పాలో రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాను.

ఆదివారం ఏడో మజిలీలో అదంతా చదివాను. పెరటి ఇటుకల దగ్గరికి అందరినీ తీసుకెళ్ళాను. బ్యాంకాయన గుర్తుంచుకున్నారు. "పోయిన వారం ఇరవై అంగుళాలు పైకి, ఈ వారం కిందికి. వచ్చే వారం అసలు వరదే రాలేదంటారేమో" అన్నారు. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. మిగతాది మామ్మగారు చెబుతారని ఆవిణ్ణి పిలిచారు.

మామ్మగారు సందు దాటి వచ్చి సత్రం గోడకు వీపు ఆనించి నిలబడింది. నీళ్ళు మెడ దాకా, మూట నెత్తిన అని చెప్పింది. పెన్సిలు గీత ఆవిడ మెడ దగ్గర లేదు. భుజానికి కింద, చంక దగ్గర ఉంది. బ్యాంకాయన నోరు తెరవబోయారు. ఇంజనీరు నా వైపు చూశారు. నా చెయ్యి జేబులో టేపు మీదికి వెళ్ళింది.

టేపు బయటికి తియ్యలేదు. "మామ్మగారూ, ఈ సందులో సిమెంటు రోడ్డు ఎప్పుడు వేశారండీ?" అని అడిగాను.

"ఇప్పటికి అడిగావు. వరదయ్యాక రెండేళ్ళకి. అంతకు ముందు మట్టి దారి."

డ్రైనేజీ అంచున రోడ్డు విరిగిన చోట దాని మందం కనబడుతోంది. ఇంజనీరే వంగి తన టేపు పెట్టారు. ఐదంగుళాలు వచ్చింది. వరద నాడు మామ్మగారి కాళ్ళు అంత కింద ఉన్నాయన్న మాట. ఆయన ఆ టేపునే గోడ మీద, మామ్మగారి భుజం పక్కన పెట్టి, గీత నుంచి ఐదంగుళాలు పైకి చూపించారు. టేపు కొన ఆవిడ మెడ దగ్గర ఆగింది. ఆయన జేబులోంచి ఎర్ర సుద్ద ముక్క తీసి, నా పెన్సిలు గీత మీద కాదు, దానికి అరంగుళం కింద, సోమవారం తడిలో కనబడిన పాత గీత చోటే గుర్తు పెట్టి, చుట్టూ పలక కొలతలు గీశారు.

మాస్టారు గొడుగు తెరిచి ఎనిమిదో మజిలీ వైపు నడిచారు. పడవల రేవు ముచ్చట సందు మలుపు నుంచే మొదలుపెట్టేశారు. నాకు బస్సు టైమవుతోంది. సంచీ ఇంట్లోనే ఉంది. అయినా తొమ్మిదో మజిలీ దాకా ఆయన వెనకే నడిచాను, అక్కడి నుంచి బస్టాండు దాకా పరిగెత్తాను, మా తమ్ముడు సంచీ తెచ్చి అందించాడు. బస్సు కదిలాక నోటుబుక్కు తీసి ఏడో మజిలీ గడిలో వేసిన రెండు మార్కులు కొట్టేశాను. ఎన్ని వెయ్యాలో తేల్చుకోలేక, ఆ గడిలో రోడ్డు ఐదంగుళాలు, మామ్మగారు చెప్పారు అని రాసుకున్నాను.