పామర్ అనే ఇంటిపేరుకు నేను చెప్పిన అర్థం

మనవరాలి పెళ్ళిమాటల కోసం ఒక పెద్దావిడ పెట్టిన విందును ఒక్క ముక్కతో చావింటి భోజనంగా మార్చిన మహానుభావుణ్ణి నేనే. ఆ రోజు కుర్రాడేదో కూశాడని, ముసలావిడ అలిగిందని మావాళ్ళు పన్నెండేళ్ళుగా చెప్పుకుంటున్నారు. కాదు. కూసింది నేను.

లీల సింగపూర్‌లో, జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలో నాతో పనిచేసేది. అమ్మానాన్నా లేని పిల్ల. అక్కడే యూ టీ అనే పేటలోని ఫ్లాట్‌లో ఆమెను పెంచింది అమ్మమ్మ సూరమ్మగారు. ఆవిడ పుట్టింది మలయా కొబ్బరితోటలో, నాలుక మీద తెలుగు మాత్రం శ్రీకాకుళానిది. లీల ఆడమ్ పామర్ అనే ఇంగ్లండ్ కుర్రాణ్ణి ఇష్టపడింది. "అమ్మమ్మ సరే అంటేనే పెళ్ళి" అంది. ఆ భోజనానికి నన్ను తమవైపు పెద్దమనిషిగా పిలిచింది. నాకప్పుడు ముప్ఫై ఆరు. పెద్దరికం నెత్తికెక్కడానికి ఆ మాట సరిపోయింది.

సూరమ్మగారు పప్పు వడ్డిస్తూ అడిగారు. "బాబూ, వోళ్ళ ఇంటిపేరు పామరా? అంటే సదువు రానోళ్ళా ఏటి?"

"అయ్యో అమ్మమ్మా, జస్ట్ ఎ నేమ్ లా!" అంది లీల.

అక్కడ నోరు మూసుకుని పప్పు కలుపుకుంటే ఎంత బాగుండేది! ఇంగ్లీషు ఇంటిపేర్ల గురించి నాకు తెలిసింది ఒక్కటే, స్మిత్ అంటే కమ్మరి అని. ఆ ఒక్క ఇటుకతో మూడంతస్తుల మేడ లేపాను.

"కాదు ఆంటీ. పామ్ అంటే తాటిచెట్టు. పామర్ అంటే దానెక్కి కల్లు గీసేవాడు. దొరగారి తాతలు మోకు కట్టినవాళ్ళన్నమాట!" అని, నా జోకుకు నేనే పడీపడీ నవ్వాను. ఇంగ్లండ్‌లో తాటిచెట్టెక్కడిదని మీకు ఈపాటికే తట్టి ఉంటుంది. నాకు తట్టలేదు.

సూరమ్మగారి గరిటె ఆగిపోయింది.

"మా అయ్య ఆ తోటలో గీసింది కల్లే బాబూ. ఆ కల్లే మాకు కూడెట్టింది. నవ్వడానికేటుందందులో?"

గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

"అన్నా, వై యూ లైక్ దట్?" అంది లీల, కళ్ళనిండా నీళ్ళతో.

ఏం జరిగిందని ఆడమ్ అడిగాడు. నీళ్ళు నములుతూ ఇంగ్లీషులో చెప్పాను. అతను మెల్లగా వివరించాడు. పామర్ అంటే యాత్రికుడట. జెరూసలేం వెళ్ళొచ్చినవాళ్ళు గుర్తుగా ఖర్జూరపు మట్ట తెచ్చుకునేవారట. పేరు అలా వచ్చిందట.

పరుగున వెళ్ళి తలుపు కొట్టాను. "ఆంటీ, నేను చెప్పింది తప్పు! వాళ్ళు గీతవాళ్ళు కారు. యాత్రికులు. మనలో కాశీ వెళ్ళొచ్చినవాళ్ళలాగా!"

తలుపు తెరుచుకుంది. ఆవిడ మొహం ఇంకా వాడిపోయింది.

"సెట్టెక్కీవోళ్ళు కారా? మా అయ్యలాంటోళ్ళు దొరికారని లోపల సంబరపడ్డాను. నీ నవ్వుకే ఏడుపొచ్చింది." ఆడమ్ వైపు చాలాసేపు చూశారు. "సర్లే. యాత్రలు సేసినోళ్ళయితే మాత్రమేటి, కుర్రోడు మంచోడిలాగే ఉన్నాడు. రండి, మకాన్ సేద్దారి, నాలుగు ముద్దలు తిందారి. పప్పు సల్లారిపోతాది."

పెళ్ళయింది. సూరమ్మగారు ఇప్పుడు లేరు. ఆ రోజు నేను తప్పుడు అర్థానికి మాత్రమే క్షమాపణ చెప్పాను, నవ్వుకు చెప్పలేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను.

అందుచేత ఇందుమూలంగా లోకానికి తెలియజేయునది ఏమనగా, ఇకపై నేను ఎవరి ఇంటిపేరుకూ అర్థం చెప్పను. మా సొంత ఇంటిపేరు సంగతి అడిగినా స్పెల్లింగ్ చెప్పి ఊరుకుంటాను.