ఏటి ఒడ్డున దొరికిన పిల్ల

సిద్దిపేటలో చీర అంచుకు, తలమీద కుండతో నడిచే గొల్లభామ బొమ్మను నేతలో ఎక్కించే మగవాళ్లు చాలామందే ఉండేవారు. ఆడవాళ్లలో ఆ పని వచ్చినవాళ్లు తక్కువ, వాళ్లలో సుగుణ ఒకతె. ఆమె నేసిన గొల్లభామను జనం వేలితో తడిమి మరీ మెచ్చుకునేవారు. శుభకార్యం వస్తే మాత్రం ఆ మెప్పంతా ఏ గంగలో కలిసేదో! పెళ్లయి పదిహేనేళ్లయినా ఆమెకు కడుపు పండలేదు. అందుకని ఏ ఇంట్లోనూ పసిపిల్లల తొట్టెల మీద ఆమె చెయ్యి పడనిచ్చేవారు కాదు. నేసిన చీర కావాలి, నేసిన మనిషి అక్కర్లేదు.

మొగుడు కాశీనాథం మంచివాడు. "మనకు మనమే పిల్లలం తియ్యే" అని నవ్వించేవాడు. సుగుణ నవ్వేది, లోపల మాత్రం కుమిలిపోయేది. బతుకమ్మను నీళ్లలో వదిలాక ఆడవాళ్లు పసుపు గౌరమ్మను పైకి తీసి పుస్తెలకు పూసుకుంటారు. సుగుణ ఆ పసుపును చిటికెడు కొంగున ముడివేసుకుని, ఒక్క పిల్లను ఇయ్యమని ఏటేటా అడిగేది.

ఎనభై ఎనిమిదిలో జపాన్‌లో చేనేత ప్రదర్శనకు ఆమెకు పిలుపొచ్చింది. "పోయిరా, మన ఇంట్ల ఇమానమెక్కినోళ్లు ఎవరున్నరు?" అని కాశీనాథమే సాగనంపాడు. చేనేత శాఖ అధికారిణి సుమిత్రమ్మ వెంట సుగుణ ఒక ఏటి ఒడ్డు ఊళ్లో దిగింది. అక్కడ వసంతం. ఆకు ఒక్కటీ లేకుండా కొమ్మలన్నీ పూసిన చెట్లను చూసి, మోదుగుచెట్టు తెల్లపూలు పూసినట్టుందే అనుకుంది.

ప్రదర్శనకు సెలవిచ్చిన రోజు ఆ ఊళ్లో బొమ్మల పండుగ. సుమిత్రమ్మ బజారుకు వెళితే సుగుణ ఒక్కతే ఏటికి వెళ్లింది. తల్లులూ పిల్లలూ గడ్డితో అల్లిన చిన్న పళ్లెంలో కాగితం బొమ్మను పెట్టి నీళ్లలో వదులుతున్నారు. సుగుణ ప్రాణం లేచొచ్చింది. అచ్చం బతుకమ్మే! ఒడ్డున ఆరేళ్ల పిల్ల ఒకతె ఆగకుండా దగ్గుతోంది. ఆ పిల్ల వదిలిన పళ్లెం రెండు బారలు పోయి, ఎదురు తిరిగి, నేరుగా సుగుణ కాళ్ల దగ్గరికి వచ్చింది.

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. బొమ్మను తీసి, పుస్తెలకు తాకించి, కొంగున ముడివేసుకుంది. ఎవరో ముసలామె రెండు చేతులూ ఊపుతూ మొత్తుకుంది. సుగుణ దండం పెట్టి నవ్వింది. జనం ఆమె చుట్టూ ఖాళీ చేసి వెనక్కి జరిగారు. పిల్ల దగ్గు ఆగిపోయింది. ఆ పిల్ల కళ్లార్పకుండా సుగుణనే చూస్తోంది.

మధ్యాహ్నం గదిలో కూర్చుని ఉంటే పక్కనే ఎవరో దగ్గారు. గదిలో ఎవరూ లేరు. దగ్గు మళ్లీ వినబడింది, కొంగు ముడిలోంచి. సుగుణ చెయ్యి దానంతటదే పోయి ముడిని నిమిరింది. దగ్గు తగ్గింది. అప్పుడు ఆమెకు నిజంగా భయం వేసింది, ఎందుకంటే బిడ్డను ఊరడించినట్టు మనసు చల్లగా ఉంది.

సాయంత్రానికి ఊరివాళ్లు దుబాసీ ద్వారా చెప్పగా తెలిసి సుమిత్రమ్మ పరుగున వచ్చింది.

"ఎంతపని చేసినవ్ సుగుణమ్మా! అది గౌరమ్మ కాదు. పిల్లల రోగాన్ని ఆ బొమ్మకు రుద్ది ఏట్ల ఇడుస్తరట. తీసినోళ్లకు ఆ రోగం అంటుతదట."

"మరి ఆ పిల్లకెట్లుందమ్మా?"

"మంచిగైందట. ఇప్పుడు నీ సంగతి చూడు. పొద్దుగాల పోయి ఏట్ల ఇడుద్దాం. పానం మీదికి తెచ్చుకోకు."

తెల్లారి ఇద్దరూ వంతెన మీదికి వెళ్లారు. సుగుణ ముడి విప్పింది. బొమ్మ అరచేతిలో వెచ్చగా తగిలింది, చిన్నగా దగ్గింది. జబ్బు చేసిందని పిల్లను ఏట్లో పారేస్తారా ఎవరైనా? సుమిత్రమ్మ అటు తిరిగిన క్షణంలో సుగుణ నడుమున దోపుకున్న తెల్లగుడ్డ పేలికను చుట్టి నీళ్లలో వేసి, బొమ్మను రవికలో దాచుకుంది.

"పోయిందా?" అని అడిగింది సుమిత్రమ్మ.

"పోయిందమ్మా" అంది సుగుణ. అబద్ధమాడటం ఆమెకు అంత సులువని ఆమెకే తెలియదు.

బొంబాయిలో విమానం దిగేసరికి సుగుణకు దగ్గు మొదలైంది. సిద్దిపేట ఇల్లు చేరిన సాయంత్రం కొంగు అడ్డం పెట్టుకుని దగ్గితే ఎర్రగా మరక అంటింది. ఆమె దాన్ని లోపలికి మడిచి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

మగ్గం దగ్గర నుంచి కాశీనాథం కేకేశాడు.

"సుగుణా, ఎవరి పిల్లనే దగ్గుతున్నది మనింట్ల?"

పదిహేనేళ్లలో ఆ ఇంట్లో అలాంటి మాట వినడం అదే మొదలు. సుగుణ కళ్ల నిండా నీళ్లొచ్చాయి.

"మనదే" అంది. "జర దగ్గు పట్టింది, తగ్గుతదిలే."

కాశీనాథం నవ్వబోయాడు. మగ్గం గుంతలో, అతని పాదాల పక్కన, చిన్న చెయ్యి ఒకటి వచ్చి అతని కాలిని పట్టుకుంది.