సులోచన పడిపోయిన నెల

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు లోకమంతా నా జీతం చుట్టూనే తిరుగుతున్నట్టు ఉండేది. పటాన్‌చెరు దగ్గర పంపుల విడిభాగాలు పోతపోసే ఫ్యాక్టరీలో నేను ట్రైనీని. మా సరుకులో ఎక్కువ భాగం స్లొవేనియా అనే చిన్న యూరప్ దేశానికి పోయేది. (మ్యాపులో దొరికిందని వేలు పెడితే ఆ వేలి కిందే దాక్కునేది.) అక్కడి ఫ్యాక్టరీలు జోరుగా నడిస్తే మాకు ఆర్డర్లు, లేకపోతే ట్రైనీలకు ఇంటిదారి. అందుకే ఆ దేశపు పారిశ్రామిక ఉత్పత్తి పెరిగిందా, తగ్గిందా అని నెలనెలా ఫోన్‌లో చూసుకోవడం నాకు జాతకం చూపించుకోవడం లాంటిదైంది. ప్యాకింగ్ సెక్షన్ వాళ్ళేమో ఆ పేరు నోరు తిరగక 'సులోచన' చేసేశారు. "సులోచనకు బండి పోయిందా?" అంటే మేనేజరు కూడా తలూపేవాడు. నాకూ అదే అలవాటైంది.

ఒకసారి అక్కడి ఉత్పత్తి బాగా తగ్గింది. ఇస్నాపూర్‌లో డాబా మీది నా కిరాయి గది ముందు నిలబడి, తోటి ట్రైనీకి ఫోన్ చేశాను. "సులోచన మళ్ల పడిపోయిందిరా. ఈ నెల లేవకుంటే నా బతుకు ఆగమే!" అన్నాను. అక్కడే మిరపకాయలు ఎండబోస్తున్న ఇంటి ఓనరమ్మ (నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి) చేతిలోని చాట కింద పెట్టేసింది.

"ఏడ పడ్డది బిడ్డా? కాలు గిట్ల ఇరిగిందా?"

"మనిషి కాదు పెద్దమ్మా, దేశం."

"దేశానికి సులోచనని పేరు పెడ్తరా ఎవలన్న? సిగ్గెందుకు, చెప్పు."

ఫోన్‌లో మ్యాపు చూపించాను. కళ్ళజోడు లేదంది. (సులోచనాలు లేక సులోచన కనబడలేదు.) మర్నాటికల్లా పాలు పోసేవాడు కూడా "పరేషాన్ గాకు అన్నా, లేస్తది" అని నాకు ధైర్యం చెప్పాడు. పెద్దమ్మ ఎల్లమ్మ తల్లికి ముడుపు కట్టింది. రోజూ గిన్నెలో పప్పుచారు తెచ్చి, "సులోచన ఎట్లుంది?" అని అడిగి, జవాబు వినకుండానే నేను తినేదాకా గడపలో కూర్చునేది. నవ్వొచ్చేది గానీ, నిజానికి ఇంటికి పంపేస్తారేమోనన్న భయంతో నాకు ముద్ద దిగేది కాదు.

తర్వాత నెల ఉత్పత్తి పెరిగింది. ఆర్డర్లొచ్చాయి, పర్మినెంటయ్యాను. పెద్దమ్మ మొక్కు చెల్లించి, సులోచనకిమ్మని ఒక ఆకుపచ్చ రవికెగుడ్డ నా చేతిలో పెట్టింది. (పెళ్ళయ్యాక దాన్ని నా భార్యకిచ్చి, సులోచన ఎవరో నమ్మించడానికి మళ్ళీ మ్యాపు తీయాల్సి వచ్చింది.)

ఇప్పుడు పోతిరెడ్డిపల్లిలో ఉంటున్నాను. మొన్న స్లొవేనియాలో ఉత్పత్తి మళ్ళీ తగ్గిందని తెలిసి కొత్త ట్రైనీలు మొహాలు వేలాడేసుకుంటే, ఎందుకో పెద్దమ్మ గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"సులోచన మళ్ల పడిపోయింది పెద్దమ్మా."

ఆమె పకపకా నవ్వింది. "అది దేశమని మా మనుమరాలు నాకు అప్పుడే చెప్పింది తీ."

"మరి ముడుపు, రవికెగుడ్డ?"

"గుడ్డ నీకు రాబోయే పిల్లకని ఇచ్చిన. ముడుపంటవా, నువ్వు తిండి బంద్ వెట్టినవ్ గద బిడ్డా. నీకోసమే కట్టిన."

ఎక్కడో ఉన్న దేశం బాగోగులు నెలనెలా చూసుకున్న ఆ కుర్రాడికి, గడపలో కూర్చుని తన బాగోగులు చూసిన మనిషి కనబడనే లేదు. వాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. మర్నాడు క్యాంటీన్‌లో ట్రైనీల పక్కన కూర్చుని, "సులోచన సంగతి తర్వాత, ముందుగాల తినుండ్రి" అన్నాను.