మేనమామ పోలిక

మామయ్య ఎప్పుడూ ఎడమపక్కకి ఒరిగి ఉంటాడు. నిలబడినా అంతే, కూర్చున్నా అంతే. కొత్తవాళ్లయితే పడిపోతున్నాడేమోనని చెయ్యి అందించబోతారు. ఆయనది ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. అసలు చిక్కంతా అక్కడే.

"గోడమీద ఆ ఫ్రేము వంకరగా ఉందండీ," అంటాడు వచ్చినవాడు.

"అది తిన్నగానే ఉంది. మీరు నన్ను చూశాక దాన్ని చూశారు. ఓసారి కళ్లు మూసుకుని, ముందు దాన్ని చూడండి."

ఫొటోగ్రాఫర్లకు ఆయనంటే హడల్. "సార్, కాస్త నిటారుగా!" అని అరిచి అరిచి, చివరికి కెమెరానే వంచి తీసేవాళ్లు. ఆ ఫొటోలో మామయ్య తిన్నగా పడేవాడు, మిగతా చుట్టాలంతా ఈదురుగాలిలో నిలబడ్డట్టుండేవారు. బస్సులో పక్కసీటువాళ్లు నిద్రపోయాడనుకుని భుజం ఇచ్చేవారు. ఆయన దానిమీద వాలి హాయిగా కబుర్లు మొదలుపెట్టేవాడు.

"మలుపు దగ్గర ముందు ఈయన తల కనపడుతుంది, మనిషి కాసేపాగి వస్తాడు," అనేది అత్తయ్య.

మేనకోడలికి మాత్రం ఆ ఒరుగుడంటే ప్రాణం. ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమె వెన్నెముక పక్కకి వంగింది. స్కోలియోసిస్ అన్నారు. ఒక భుజం దిగిపోయింది, గౌను అంచు ఒకవైపు జారేది. "అదేంటే, అలా నిలబడతావ్?" అని ఎవరైనా అనబోతే, పక్కనే అంతకంటే వంకరగా మామయ్య ఉండేవాడు. "ఓహో, మేనమామ పోలికా!" అని నవ్వేసి మాట మార్చేసేవారు. ఆ పోలిక చూసుకునే ఆమె తలెత్తుకు తిరిగింది.

ఈమధ్య మామయ్యకి నడుంనొప్పి పట్టుకుంది. అద్దం పలకలు ఎత్తలేకపోతున్నాడు.

"డాక్టరూ వద్దు, గీక్టరూ వద్దు."

"అద్దం ఎత్తలేకపోతే దుకాణం మూసుకోవాల్సిందే మామయ్యా," అని మేనకోడలు తను ఏటా చూపించుకునే ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఇద్దరికీ నిలబెట్టి ఓ ఎక్స్‌రే, పడుకోబెట్టి ఓ ఎక్స్‌రే తీశారు.

"నీది నిలకడగానే ఉందమ్మా," అన్నాడు డాక్టరు. "నిలబడితే ఒంటి బరువుకి వంపు ఎక్కువవుతుంది, పడుకుంటే కాస్త తగ్గుతుంది. తగ్గుతుందేగానీ పోదు. మీ మామయ్యదే వింతగా ఉంది. నిలబెడితే కొడవలి, పడుకోబెడితే కొత్త స్కేలు!"

"అంటే?"

"ఈయన వెన్నెముకకి ఏ వంకరా లేదు. కావాలనే ఒరుగుతున్నారు. ఒరిగి ఒరిగి కండరాలు పట్టేశాయి. ఎందుకండీ ఇలా?"

"అలవాటండీ," అని గొణిగాడు మామయ్య.

"ఎప్పట్నుంచి?"

మామయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. మేనకోడలికి మాత్రం ఆ ఎనిమిదో తరగతి సెలవులు గుర్తొచ్చాయి. ఫొటో కోసం పిల్లలందరినీ వరసగా నిలబెడితే "ఈ పిల్లేంటి, ఓ పక్కకి ఒరిగింది?" అని ఎవరో నవ్వారు. అంతదాకా స్తంభంలా నిటారుగా ఉన్న మామయ్య వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు, ఒరిగి. ఆ తర్వాత ఏది ముందో ఏది వెనకో ఇంట్లో అందరూ మర్చిపోయారు, ఆమెతో సహా. ఆయన పోలిక ఆమెకి రాలేదు. ఆమె పోలికే ఆయన తెచ్చుకున్నాడు.

"మామయ్యా..."

"ఏడ్చావంటే ఇంకా ఒరుగుతా, చూసుకో!"

ఆమెకి నవ్వొచ్చింది. "ఇంక చాలు. ఎవరైనా ఏమన్నా అంటే నేను చూసుకుంటాగా. తిన్నగా నిలబడు."

మామయ్య మూలుగుతూ, భుజాలు సరిచేసుకుంటూ ఇంటిదాకా నిటారుగా నడిచాడు. తలుపు తీసిన అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసి ఘొల్లుమంది.

"అయ్యో అయ్యో! ఏం చేశారే ఈయన్ని? పొద్దున వెళ్లేటప్పుడు లక్షణంగా ఉన్నాడు కదే!"